జీతము – స్వంత వృత్తి – ఆదాయపు పన్ను

'పైసంపాదన' అనగానే మన వాడుకలో ఒక చెడ్డ అర్థము స్ఫురించును. మేమిక్కడ చెప్పదలచినది ఆ సంపాదనను గూర్చి కాదు. ఒకచోట ఉద్యోగము చేయుచు, తీరిక వేళలలో తమ విద్యను, నేర్పును వినియోగించి కొందరు న్యాయముగా గడించు రెండవ ఆదాయమును గూర్చి. ఆసుపత్రిలో జీతమునకు పనిచేసి సాయంకాలము ఇంటివద్ద రోగులను చూచు డాక్టరు, కంపెనీ ఉద్యోగము చేయుచు బయటివారికి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసియిచ్చు యువకుడు, కళాశాలలో పాఠములు చెప్పి రాత్రులు ఇండ్ల ప్లానులు గీయు ఆర్కిటెక్టు – ఇట్టివారు నేడు ప్రతి పట్టణములోను ఉన్నారు.

మా స్టూడియోకు వచ్చు మిత్రులలో ఇట్టివారు పలువురు ఒకే ప్రశ్న అడుగుచుందురు: "జీతములో పన్ను ఆఫీసువారు కోసికొనుచున్నారు. ఫీజులో పన్ను ఫీజు ఇచ్చువారు కోసికొనుచున్నారు. ఇక మేము చేయవలసినదేమున్నది?" ఈ ప్రశ్నలోనే పొరపాటున్నది. కోసికొనిన సొమ్ము మన పేర పన్ను పద్దులో జమపడును. అంతమాత్రమున పన్ను తీరినట్లు కాదు.

ఏలననగా, యజమాని మన జీతమును మాత్రమే చూచి, దానిపై ఏడాదికి ఎంత పన్ను పడునో లెక్కకట్టి, నెలనెలా తగ్గించును. ఫీజు ఇచ్చు కంపెనీ ఆ ఫీజును మాత్రమే చూచును. వృత్తి ఫీజు ఒక ఏడాదిలో 50,000 రూపాయలు మించినచో నూటికి 10 వంతున తగ్గించును. 2025 ఏప్రిల్ 1కి ముందు ఈ మితి 30,000 రూపాయలు. ఒకరి లెక్క మరియొకరికి తెలియదు. చట్టము మాత్రము రెండు ఆదాయములను ఒకచోట కూడి, ఆ మొత్తముపై పన్ను వేయును. పన్ను రేట్లు మెట్లవంటివి. జీతము క్రింది మెట్లను ఆక్రమించిన తరువాత, రెండవ ఆదాయము పైమెట్లపై కూర్చుండును.

ఒక ఉదాహరణ తీసికొందము. ఇది 2025–26 సంవత్సరపు లెక్క, కొత్త పన్ను పద్ధతి ననుసరించినది. ఒక ఆర్కిటెక్టుగారు కళాశాలలో అధ్యాపకులు. ఏడాది జీతము 12,75,000 రూపాయలు. జీతగాండ్రకు ఇచ్చు 75,000 రూపాయల స్థిరమైన తగ్గింపు పోగా 12,00,000 మిగిలినది. ఆ మొత్తము వరకు రిబేటు ఉన్నందున పన్ను సున్న. కళాశాలవారు ఒక రూపాయియైనను తగ్గించలేదు. అదే ఏడాది ఆయన ఒక కట్టడముల కంపెనీకి ప్లానులు గీసియిచ్చి 4,00,000 రూపాయల ఫీజు పొందిరి. కంపెనీ 40,000 పన్నుగా తగ్గించి, 3,60,000 చెల్లించినది. పన్ను గొడవ తీరినదని ఆయన తలచిరి.

ఇప్పుడు రెంటిని కూడుదము. ఆర్కిటెక్టు, వైద్యుడు, న్యాయవాది, ఇంజనీరు మొదలగు చట్టము పేర్కొనిన వృత్తులవారు, ఏడాది వసూళ్ళు 50 లక్షలు మించనిచో, వసూళ్ళలో సగము ఆదాయముగా చూపవచ్చును. కనుక ఫీజుపై ఆదాయము 2,00,000. జీతముతో కలిసి 14,00,000. రిబేటు మితి దాటినది; రిబేటు పోయినది. తొలి 4 లక్షలకు పన్ను లేదు. తరువాతి 4 లక్షలపై నూటికి 5 వంతున 20,000. ఆపై 4 లక్షలపై నూటికి 10 వంతున 40,000. చివరి 2 లక్షలపై నూటికి 15 వంతున 30,000. వెరసి 90,000. దీనిపై నూటికి 4 వంతున సెస్సు 3,600 చేర్చగా 93,600. ముందు జమపడిన 40,000 పోగా, ఆయన ఇంకను 53,600 రూపాయలు చెల్లించవలెను! రిటర్ను వ్రాయు దినమున ఈ అంకె మొదటిసారి కంటబడినచో, ఏ పిల్లవాని కళాశాల ఫీజుకో దాచిన సొమ్ము తీయవలసివచ్చును.

ఈ ఇబ్బందిని తప్పించుకొనుటకు రెండు దారులున్నవి. మొదటిది, రెండవ ఆదాయము వివరములను యజమానికి వ్రాసి యిచ్చుట. అప్పుడు ఆ పన్ను కూడ జీతములో నెలనెలా కొంచెము కొంచెముగా తగ్గును. రెండవది, ముందస్తు పన్ను కట్టుట. తగ్గించిన పన్ను పోగా ఏడాదికి 10,000 రూపాయలు గాని అంతకు మించి గాని బాకీ పడువారు దీనిని కట్టవలెను. జూన్ 15 నాటికి నూటికి 15 వంతులు, సెప్టెంబరు 15 నాటికి 45, డిసెంబరు 15 నాటికి 75, మార్చి 15 నాటికి మొత్తము పూర్తి కావలెను. వసూళ్ళలో సగము ఆదాయముగా చూపు పద్ధతి నవలంబించినవారు మొత్తము మార్చి 15 లోగా ఒకేసారి కట్టవచ్చును. తప్పినచో తక్కువపడిన మొత్తముపై నెలకు నూటికి 1 వంతున వడ్డీ పడును.

ఖర్చుల సంగతి. అసలు లెక్కలు వ్రాసి చూపువారు వృత్తికై చేసిన ఖర్చును ఫీజులోనుండి తీసివేయవచ్చును. కొత్త పద్ధతిలో కూడ ఈ వీలున్నది. ఇంటికిని వృత్తికిని వాడు టెలిఫోనులో వృత్తి భాగమునే లెక్కించవలెను. ఉద్యోగమునకు పోయివచ్చు బస్సు ఛార్జీ ఇందు చేరదు. సగము పద్ధతి నెంచుకొనినవారు మాత్రము, ఆ సగములోనే ఖర్చులన్నియు కలిసినవని గ్రహించవలెను. మరల కంప్యూటరునకు, కాగితములకు వేరుగా తీసివేయ వీలులేదు. చట్టము పేర్కొనని పనులు చేయువారు తమకు ఏ పద్ధతి వర్తించునో ఆడిటరు నడిగి తెలిసికొనుట మేలు.

మరియొక హెచ్చరిక. జీతము మాత్రమే గలవారు పాత పన్ను పద్ధతికిని కొత్తదానికిని ఏటేట మారవచ్చును. వృత్తి ఆదాయము గలవారికి ఆ స్వేచ్ఛ లేదు. కొత్తదానిని విడిచి పాతదానికి పోయినవారు తిరిగి ఒక్కసారి మాత్రమే రాగలరు. అందుచేత ఆ నిర్ణయము తొందరపడి చేయరాదు.

రిటర్ను వ్రాయుటకు ముందు యజమాని ఇచ్చు ఫారం 16ను, ఫీజు ఇచ్చినవారి ఫారం 16-ఎ ను ఆదాయపు పన్ను శాఖవారి ఫారం 26-ఎ.ఎస్. తో పోల్చి చూడవలెను. అందు జమకాని కోతను ఇచ్చినవారికి చెప్పి సరిచేయించుకొనవలెను. 2025 సంవత్సరపు కొత్త ఆదాయపు పన్ను చట్టము అమలు తేది 2026 ఏప్రిల్ 1. ఆ తరువాతి ఆదాయమునకు ఆ యేటి రేట్లను, ఫారములను చూచుకొనవలెను.

ఇల్లు నడుపువారికి మేము చెప్పగల సులభమైన ఉపాయమొకటి కలదు. బయటి పనికి డబ్బు వచ్చిన దినముననే ఒక నోటుపుస్తకములో తేది, ఇచ్చినవారు, మొత్తము, కోత – ఈ నాలుగు వ్రాసి, పన్నుకు కావలసిన భాగమును బ్యాంకులో వేరుగా ఉంచుడు. ఆ భాగము మనది కాదనుకొన్నచో, మిగిలినది నిశ్చింతగా మనది.