పలక ఎండలో, ఫోను నీడలో

పల్నాడులో మిరపకాయలు కోశాక కల్లంలో ఆరబోస్తారు. కాయలు ఎండేదాకా రాత్రీ పగలూ కాపలా ఉండాలి. కల్లంలో కరెంటు ఉండదు. అందుకని ఒక అత్తాకోడళ్లు చిన్న సోలార్ పలక తెచ్చుకున్నారు. వాళ్లిద్దరికీ ఉన్నది ఒకటే ఫోను. హాస్టల్లో చదివే పిల్ల ఆ ఫోనుకే మాట్లాడుతుంది.

కోడలు పలకను ఎండలో పెట్టింది. వైరు తగిలించి, ఫోనును కూడా దాని పక్కనే పెట్టింది. తాలుకాయలు ఏరుతూ కూర్చుంది. మధ్యాహ్నం చూస్తే ఫోను పెనంలా కాలుతోంది. చార్జింగ్ ఆగిపోయింది.

"ఎండ ఎక్కువైతే చార్జింగ్ బాగా ఎక్కాలి కదత్తా?" అంది కోడలు.

"కాయకు ఎండ కావాలి. కాయలు ఏరే మనకు నీడ కావాలి. ఫోనుకూ నీడే కావాలేమో" అంది అత్త.

అత్త చెప్పింది నిజమే. పలక వెలుతురు నుంచి కరెంటు తీస్తుంది. వేడి నుంచి కాదు. వేడెక్కితే పలక ఇచ్చే కరెంటు కూడా కొంచెం తగ్గుతుంది.

ఫోనులో ఉండేది లిథియం బ్యాటరీ. చార్జింగ్ ఎక్కేటప్పుడు అది తనంతట తానే వేడెక్కుతుంది. పైన ఎండ కూడా తగిలితే రెండు వేడులూ కలుస్తాయి. సాధారణంగా 45 డిగ్రీలు దాటితే ఈ బ్యాటరీకి చార్జింగ్ పెట్టకూడదు. రెంటచింతలలో నీడలోనే 45 డిగ్రీలు దాటిన వేసవి రోజులున్నాయి. ఇక ఎండలో పెట్టిన నల్లటి ఫోను సంగతి చెప్పాలా?

బాగా వేడెక్కితే బ్యాటరీ లోపలి మందు చెడుతుంది. గ్యాసు పుట్టి బ్యాటరీ ఉబ్బుతుంది. ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. పక్కనే ఎండుమిరప రాశి, గోతాలు. ఏడాది కష్టమంతా అక్కడే ఉంది.

ఫోను వేడెక్కి చార్జింగ్ ఆగితే కంగారు పడకూడదు. వైరు తీసి నీడలో ఉంచాలి. తడిగుడ్డ చుట్టకూడదు. నీళ్లలో ముంచకూడదు. ఐసు మీద పెట్టకూడదు. దానంతట అదే చల్లారాలి.

మర్నాడు కోడలు ఫోనును పలక కిందకు తోసింది. అదీ నీడే కదా అనుకుంది. కానీ పలక అడుగు భాగం ఎండకు కాలిన రేకులాగే ఉంటుంది. చివరికి పొడుగు వైరు తెప్పించారు. పలక ఎండలో ఉంది. ఫోను పాకలో గాలి తగిలే చోట పీట మీద ఉంది. పొద్దున ఎండ ముదరక ముందే చార్జింగ్ పెట్టడం ఇంకా మేలు.

బజారులో సోలార్ పవర్ బ్యాంకులు కూడా అమ్ముతారు. వాటిలో పలక, బ్యాటరీ ఒకే డబ్బాలో ఉంటాయి. పలకకు ఎండ పెడితే బ్యాటరీ కూడా ఎండలో ఉన్నట్టే. అలాంటి దాన్ని మండుటెండలో వదలకూడదు. ఇంట్లో కరెంటుకు చార్జింగ్ పెట్టుకోవడం మంచిది.

ఫోను వెనక మూత పైకి లేచిందా? బ్యాటరీ ఉబ్బిందన్నమాట. దాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్లీ చార్జింగ్ పెట్టకూడదు. పొయ్యిలో, చెత్త మంటలో అసలే వేయకూడదు. రిపేరు షాపులో ఇచ్చేయాలి. పొగ వస్తే పిల్లల్ని తీసుకుని దూరంగా వెళ్లి 101కి ఫోను చేయాలి.