ఊపిరితోనే ఊపిరితిత్తులకు మందు
క్షయ రోగులు మాత్రలు మానరాదు

నాయుడుపేట : పట్టిన దగ్గు వదలని రోగులు రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది వేయించుకొని కుంటుకుంటూ ఇంటికి వెళ్ళిన కాలం పాతతరంవారు ఎరిగినదే. 1943లో అమెరికాలో కనుగొన్న ఆ మందే క్షయను లొంగదీసిన మొదటి మందు. ప్రాణం నిలిపింది, కాని కొందరి వినికిడిని తీసుకొనిపోయింది. అదే జాతికి చెందిన అమికాసిన్‌దీ అదే గుణం. చెవులకు, మూత్రపిండాలకు చేటు.

జబ్బు ఉన్నది ఊపిరితిత్తుల్లో. సూదిమందు మాత్రం నెత్తురులో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. కాలువ చివరి మడికి నీరందాలని పైమళ్ళన్నీ ముంచినట్లన్నమాట.

అందుచేత మందును ఊపిరితోనే పంపే పద్ధతి వచ్చింది. అమికాసిన్‌ను ఈ రూపంలో వాడడానికి 2018 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతించింది. మందును అతి సన్నని కొవ్వు బుడగల్లో పొదుగుతారు. ఒక్కొక్క బుడగ వెంట్రుక మందంలో రెండు వందలవ వంతు కూడా ఉండదు. ఆ కొవ్వులో ముఖ్యభాగం ఊపిరితిత్తుల్లో సహజంగా ఉండేదే. చిన్న యంత్రం ఆ మందునీటిని తుంపరగా మారుస్తుంది. రోగి రోజుకొక్కసారి సుమారు పావుగంట సేపు పీల్చాలి.

అసలు విశేషం లోపల జరుగుతుంది. ఊపిరితిత్తుల్లో క్రిములను మింగే రక్షక కణాలుంటాయి. క్షయ క్రిమి, దాని దాయాదులు మింగినా చావక ఆ కణంలోనే కాపురం పెడతాయి. కాపలావాడి ఇంట్లోనే దొంగ! ఆ కణమే కొవ్వు బుడగనూ మింగుతుంది. దొంగ ఉన్న గదికే మందు చేరుతుంది.

అయితే అనుమతి వచ్చింది క్షయకు కాదు. నీటిలో, మట్టిలో ఉండే ఎం.ఏ.సి. అనే దాయాది క్రిమి వల్ల వచ్చి, మామూలు మందులకు లొంగని జబ్బుకు మాత్రమే. పరీక్షలో, మామూలు మందులకు దీనిని జోడించిన వారిలో నూటికి 29 మందికి ఆరు నెలల్లో కళ్లెలో క్రిమి లేకుండా పోయింది. మామూలు మందులే వాడిన వారిలో 9 మందికే. దగ్గు, ఆయాసం, గొంతు బొంగురుపోవడం వంటి ఇబ్బందులూ లేకపోలేదు. ఖరీదు సామాన్యుడు మోయలేనిది.

ఉబ్బసానికి ఆసుపత్రిలో మాస్కు తగిలించి 'గ్యాస్ పెట్టడం' అందరికీ తెలిసినదే. అది శ్వాసనాళాలను వదులు చేస్తుంది తప్ప క్రిమిని చంపదు. రెండూ ఒకటేననుకొని క్షయ మాత్రలు మానితే ప్రాణానికే ముప్పు.

నాయుడుపేటలో రైలెక్కితే పూట తిరగకముందే చేరే చెన్నైలో, నాటి మద్రాసులో, 1956లో ఒక పరిశీలన మొదలైంది. ఆసుపత్రిలో చేరకుండా ఇంటివద్దనే మందులు వాడినా క్షయ నయమవుతుందని లోకానికి రుజువు చేసింది. సాధారణ క్షయకు నేడు మాత్రలు ఆరు నెలలు. ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం. రోగి ఆహారానికి నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1000 చేశారు.

దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ఉత్త ఉమ్మి పనికిరాదు. పొద్దున్నే గట్టిగా దగ్గి లోపలి నుంచి తీసిన కళ్లె ఇవ్వాలి.