లోపం ఊపిరిదా, పీకదా?

ప్రకాశం జిల్లా కరవది నుంచి వచ్చి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి నాదస్వరమంటే మా తాతగారికి ప్రాణం. ఆ మోజుతోనే తిరుచ్చిలో నన్ను నాదస్వరానికి పెట్టారు.

నా అవస్థంతా సీవాళితోనే. అంటే నోట్లో పెట్టుకుని ఊదే పీక. బజారులో కొన్నవి కొన్ని అసలు పలికేవి కావు, కొన్ని పైస్థాయిలో శ్రుతి జారేవి. లోపం నా ఊపిరిదేననుకుని మానేద్దామనుకున్నాను.

ఓనాడు గురువుగారు తమ పీక తీసిచ్చి, "ఇది పెట్టి ఊదరా" అన్నారు. షడ్జం నిలబడింది! నాకు కన్నీళ్ళాగలేదు.

ఆ వారమే కుంభకోణం దాటి, మాయవరం దారిలో ఉన్న తిరువావడుదురై వెళ్ళాను. నాదస్వర చక్రవర్తి టి.ఎన్. రాజరత్నం పిళ్ళై (1898–1956) ఊరది. సీవాళి చేతిపనికీ పేరుపడ్డది. 'కొరుక్కై' అనే రెల్లుజాతి మొక్క కాడను ఆరబెట్టి, ఉడికించి, చెక్కి, దారంతో కడతారు. పనివాడు నాచేత ఊదించి, మళ్ళీ చెక్కి, మళ్ళీ ఊదించి నాలుగు పీకలిచ్చాడు. "ఒక్కదాన్నే అరగదీయకు, మార్చి మార్చి ఊదు" అన్నాడు.

పిల్లలకు సంగీతం చెప్పిస్తున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. అపస్వరం వినబడితే పిల్లవాణ్ణి కసరబోయేముందు పీకను చూడండి.