ఆయిల్ తగ్గిందా, చోటు మారిందా?

నెలల తరబడి షెడ్డులో కదలకుండా ఉన్న పాత బుల్లెట్ మూత విప్పి చూస్తే డిప్‌స్టిక్‌కి ఆయిల్ తడే తగలదు. కింద కారిన మరకా ఉండదు. కంగారుపడి లీటరు పోస్తే, ఇంజన్ స్టార్టయిన కాసేపటికి ఎక్కువైనదంతా బ్రీదర్ గొట్టంలోంచి బయటికి తన్నుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన మెకానిక్ డిప్‌స్టిక్ ముట్టుకోకముందే కిక్ కొట్టేది అందుకే.

1955 నుంచి మద్రాసులో తయారైన ఈ బండిలో ఆయిల్ క్రాంక్ కింద నిలవుండదు. క్రాంక్‌కేసులోనే వేరే అర ఉంది, అదే ట్యాంకు. ఒక పంపు అక్కణ్ణుంచి ఆయిల్‌ను పైకి పంపుతుంది, రెండోది కిందికి జారినదాన్ని తిరిగి ట్యాంకులోకి తోడుతుంది. డెల్టా పొలానికి సాగుకాలవ ఒకటి, మురుగుకాలవ ఒకటి ఉన్నట్టే. తోడే పంపునే పెద్దదిగా పెట్టడంలో గొప్ప ఆలోచన ఉంది: క్రాంక్ కింద ఆయిల్ పోగుపడకూడదు. బండి చాలాకాలం ఆగిపోతే మాత్రం, అరిగిన పంపు సందుల్లోంచి ట్యాంకులోని ఆయిల్ మెల్లగా క్రాంక్ వైపు దిగిపోతుంది. ఇంజన్ కొన్ని నిమిషాలు తిరిగితే మళ్లీ ట్యాంకుకి చేరుతుంది. అప్పుడు ఆపి, బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి చూడాలి.

అంబాసిడర్ కారుకి ఈ పద్ధతి తిరగబడుతుంది. దాని ఆయిలంతా ఇంజన్ అడుగునున్న చాంబర్‌లోనే ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ కొంత పైన దారుల్లో ఉంటుంది కాబట్టి, ఆపి, అది కిందికి దిగేదాకా ఆగి చూడాలి.

1963లో లోకానికి పరిచయమైన పోర్షే 911 స్పోర్ట్స్ కారు బుల్లెట్ దారిలోనే నడిచింది. వేగంగా మలుపు తిరిగేటప్పుడు చాంబర్‌లోని ఆయిల్ ఒక పక్కకి ఎగబాకి, పంపు గాలి పీలుస్తుంది. ఆ కొద్ది సెకన్లు చాలు, బేరింగులు పోవడానికి. అందుకే దాని ఆయిల్‌కి విడిగా ట్యాంకు పెట్టారు. ఆ పాత 911లో ఇంజన్ బాగా వేడెక్కాక, సమతలం మీద, ఐడిల్‌లో తిరుగుతుండగానే లెవెల్ చూడాలి. చల్లటి ఇంజన్‌లో డిప్‌స్టిక్ పొడిగా కనిపించినా ఆశ్చర్యం లేదు.

వేడికీ ఇందులో పాత్ర ఉంది. 30 డిగ్రీల ఆయిల్ 100 డిగ్రీలకు చేరేసరికి సుమారు 5 శాతం ఉబ్బుతుంది. 9 లీటర్లు పట్టే ఇంజన్‌లో అది దాదాపు అర లీటరు. చల్లగా ఉన్నప్పుడే పై గీతదాకా నింపితే, వేడెక్కాక ఎక్కువైన ఆయిల్ గాలి దారిలోకి పొర్లి నీలంపొగ అవుతుంది.

1972 మోడల్ 911కి ఆ విడి ట్యాంకులో ఆయిల్ పోసే మూతను కారు బయటికి, కుడి తలుపు వెనక్కి తెచ్చారు. అది పెట్రోలు మూతనుకుని కొన్ని బంకుల్లో అందులో పెట్రోలు పోసేశారు. మరుసటి ఏడాది మోడల్‌లో ఆ మూత మళ్లీ ఇంజన్ బానెట్ కిందికి వెళ్లింది.