వెల్డింగు యంత్రమునకు తగిన సాకెట్టు

పంచాయతీ గేటు విరిగినను, బడి బల్ల ఊడినను వెల్డింగు పనివాడు యంత్రముతో వచ్చి అక్కడనే అతుకుచున్నాడు. యంత్రపు ప్లగ్గు పెద్దది, గోడ సాకెట్టు చిన్నది. అప్పుడు ప్లగ్గును కోసి, తీగలను రంధ్రములలో దూర్చి పుల్లలతో బిగించుట కానవచ్చుచున్నది. ఇది ప్రాణాపాయకరము.

మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకు, పెద్దది 16 ఆంపియర్లకు ఏర్పడినవి. అనగా మొదటిది 1,380 వాట్లను, రెండవది 3,680 వాట్లను మాత్రమే భరింపగలదు. ప్రవాహము రెట్టింపైనచో తీగలో పుట్టు వేడి నాలుగు రెట్లగును. తొడుగు కరగి నిప్పంటుకొనవచ్చును. కావున పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్టునకు కలుపు అడాప్టరు కూడ ఈ పనికి తగదు.

ప్లగ్గునందలి పొడవైన లావుపాటి ముల్లు ఎర్తుకు చెందినది. యంత్రపు ఇనుప పెట్టెకు విద్యుత్తు సోకినచో, దానిని ఎర్తు తీగద్వారా మరలించి ఫ్యూజు తెగునట్లు చేయునది అదియే. తీగలు దూర్చినచో ఈ రక్షణ పోవును.

సభ్యులు ముందుగా యంత్రముపైనున్న రేకును చదివింపవలెను. 230 వోల్టులు, 16 ఆంపియర్లకు లోబడియున్నచో, లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచే మీటరు బోర్డు నుండి వేరు తీగతో, ఎర్తుతో, ఎం.సి.బి.తో పెద్ద సాకెట్టు పెట్టింపవలెను. 415 వోల్టులని యున్నచో అది రెండు లేక మూడు ఫేజులపై నడచునది. ఇంటి సాకెట్టునకు కలుపరాదు. స్తంభపు తీగలకు కొక్కెములు తగిలించుట 2003 నాటి విద్యుత్ చట్టము ననుసరించి నేరము కూడ. రాబోవు సమావేశముననే ఈ యేర్పాటును చర్చించి తీర్మానించుట మేలు.