పాలు మానిన పందిపిల్లలకు తరవాణి

హైదరాబాదున అశోక్‌నగరు, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతములలో భోజనశాలలు మెండు. పరీక్షలకు చదువుకొన వచ్చిన మీ బిడ్డలలో కొందఱు అచ్చటనే భోజనము చేయుచుందురు. నగరపు భోజనశాలలలో మిగిలిన అన్నమును పందులను పెంచువారు కొనిపోవుట కలదు. పెద్దపంది దానిని అఱిగించుకొనును. పాలు మానిన పిల్లకు మాత్రము అదియే విరేచనములు పట్టించి ప్రాణము తీయవచ్చును.

కారణము దృష్టిదోషము గాదు. తల్లిపాలలోని చక్కెర పిల్ల కడుపులో పులిసి ఆమ్లమగును. మేతతో వచ్చు చెడు సూక్ష్మజీవులను ఆ పులుపే అణచుచుండును. పాలు మానగానే అది తగ్గిపోవును. తగినంత ఆమ్లమును తానుగా ఊరించుకొనుటకు పిల్లకు కొన్ని వారములు పట్టును. పైగా తల్లిని బాసిన బెంగతో ఒకటి రెండు దినములు మేత ముట్టదు. అంతలో ప్రేగులలోని నూగువంటి పొర కుఱుచయై, పిమ్మట తిన్నది అఱుగదు.

పోయిన పులుపును మనమే ఈయవలయును. నూకల గంజిని చల్లార్చి, ఉప్పు వేయని పుల్లమజ్జిగ కొంచెము చేర్చి, మట్టికుండలో ఒక రాత్రి యుంచుడు. ఉదయమున ఆ తరవాణిని తవుడుతో కలిపి, కొద్దికొద్దిగా పలుమాఱులు పెట్టుడు. పాలు మాన్పుటకు వారము ముందే రుచి చూపిన మఱియు మేలు. రాగి, ఇత్తడి పాత్రలు పనికిరావు. బూజు పట్టినచో పాఱబోయవలయును. పసుపు, వెల్లుల్లి కొంచెము నూరి కలుపుటయు మంచిదే. కాని నెత్తురు పడుచున్న పిల్లకు అవి మందు గావు. మీ మండలములోని పశువైద్యునకు చూపుడు.

మేతలో దినమును మందులు కలిపిన సులువు గదా యందురేమో. అట్లు చేసినచో సూక్ష్మజీవులు మందునకు లొంగకుండ పోవును. అవియే మనుష్యులకు సోకవచ్చును. అందుచేతనే పెరుగుదలకై మేతలో యాంటీబయాటిక్కులు కలుపుటను స్వీడను 1986లోను, ఐరోపా సమాఖ్య 2006లోను మాన్పించినవి. మన దేశమున 2019లో కొలిస్టినును ఆహారపు జంతువులకు వాడరాదని ఉత్తరువైనది.

ఇక నగరపు అన్నము మాట. ఊరగాయ తునకలు ఏఱివేయుడు. ఉప్పు ఎక్కువై నీరు తక్కువైనచో పంది మెదడు చెడి గిలగిల కొట్టుకొని చచ్చును. 2020లో మన దేశమున బయలుపడిన ఆఫ్రికా పందిజ్వరము ఎంగిలిలోని పందిమాంసపు తునకలవలన గూడ వ్యాపించును. దానికి చికిత్స లేదు. తరవాణి ఏమియు చేయజాలదు. కావున ఆ అన్నమును కలియబెట్టుచు గంటసేపు మఱుగ కాచుడు. చల్లాఱిన పిమ్మటనే తరవాణి పోయుడు. వేడిలో పోసినచో అందలి మేలుచేయు జీవులును చచ్చును.