పెంపుడు కుక్కలకు పచ్చి మాంసం: టోకు కొనుగోలు, నిల్వ

ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో వెలువరించిన పుస్తకంతో కుక్కలకు పచ్చి మాంసాహారం ఇచ్చే పద్ధతికి ప్రాచుర్యం లభించింది. ఉడికించిన ఆహారం కంటే ఇది మేలని చెప్పేందుకు గట్టి ఆధారాలు తక్కువే. అయినప్పటికీ ఈ పద్ధతిని ఎంచుకున్న పెంపకందారులకు కొనుగోలు, నిల్వలపై సరైన సలహా అందవలసి ఉన్నది.

సాధారణంగా పెద్ద కుక్కకు రోజుకు దాని బరువులో 2 నుంచి 3 శాతం ఆహారం ఇస్తారు. 20 కిలోల కుక్కకు ఇది నెలకు 12 నుంచి 18 కిలోలవుతుంది. అందువల్లనే టోకు కొనుగోలు ఆకర్షిస్తుంది.

మన దుకాణాల్లో మాంసం తరచుగా కోసిన కొద్ది గంటల్లోనే, చల్లబరచకుండానే అమ్ముడవుతుంది. దానిని ఒకేసారి పది కిలోలు ఫ్రీజర్‌లో పెడితే లోపలి ఉష్ణోగ్రత పెరిగి, పాత నిల్వలు కూడా మెత్తబడతాయి. ముందుగా 4 డిగ్రీల సెల్సియస్ వద్ద చల్లబరచి, తరువాత కొద్దికొద్దిగా గడ్డకట్టించాలి. పొట్లం మందం రెట్టింపయితే గడ్డకట్టే సమయం నాలుగు రెట్ల వరకు పెరుగుతుంది. కావున ఒక పూటకు సరిపడే మాంసాన్ని రెండు, మూడు సెంటీమీటర్ల మందంతో పలుచగా పరచి, గాలి తీసివేసి, తేదీ వ్రాసి మైనస్ 18 డిగ్రీల వద్ద నిల్వ చేయడం ఉత్తమం. ధాన్యం నిల్వలో తేమకు ఎంతటి ప్రాధాన్యమో, ఇక్కడ ఉష్ణోగ్రతకు అంతటి ప్రాధాన్యం. ఖీమాకు గాలి తగిలే ఉపరితలం ఎక్కువ గనుక మూడు, నాలుగు నెలల్లో వాడివేయాలి.

గడ్డకట్టించడం శుద్ధి చేయడం కాదు. సాల్మొనెల్లా, లిస్టీరియా వంటి బాక్టీరియాలో అనేకం చలిలో బ్రతికి ఉంటాయి. లిస్టీరియా రిఫ్రిజిరేటర్‌లో సైతం వృద్ధి చెందుతుంది. కుక్క ఆరోగ్యంగా కనిపిస్తూనే సాల్మొనెల్లాను మలంలో విసర్జించవచ్చు. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉన్నచోట పచ్చి మాంసం వద్దనడమే సరైన సలహా.

అంతకంటే పెద్ద ప్రమాదం చౌకగా దొరికే గొర్రె, మేక కాలేయం, ఊపిరితిత్తులలో ఉన్నది. వీటిలోని నీటి తిత్తులు ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనే బద్దెపురుగు పిల్లదశలు. వాటిని తిన్న కుక్క ప్రేగులో కొద్ది మిల్లీమీటర్ల పురుగులు పెరిగి, గుడ్లు మలంతో బయటపడతాయి. ఆ గుడ్లు మనిషి కడుపులోకి చేరితే అతని కాలేయంలో, ఊపిరితిత్తులలో అవే తిత్తులు ఏర్పడతాయి. పశువైద్య తనిఖీ లేని కబేళా వ్యర్థాలను ఎంత చవకైనా కొనరాదు. తిత్తులు కనిపించిన అవయవాన్ని కుక్కలకు అందకుండా కాల్చివేయాలి లేదా లోతుగా పూడ్చాలి.

పోషకాల లోపం మరొకటి. ఎముకలేని మాంసం 100 గ్రాములలో భాస్వరం సుమారు 200 మిల్లీగ్రాములుంటే కాల్షియం 10, 15కు మించదు. ఎదిగే పిల్లలకు కేవలం ఇదే పెడితే ఎముకలు బలహీనపడి విరుగుతాయి.

కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుంటే నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనం నిలుపుతుంది. మంచు పలుకులు మిగిలి ఉన్న పొట్లాలను తిరిగి గడ్డకట్టించవచ్చు. పూర్తిగా కరిగినా చల్లదనం పోనివాటిని వెంటనే ఉడికించి వాడాలి; వెచ్చబడినవాటిని పారవేయాలి.